పీటరు గొడుగు

దేవరకొండ బస్టాండు కాడ ఎక్కెటోళ్లకు
ముందుగాల్నే చెప్త:
ఈ ఆటోల పాటలుండయి.
మెమరీ కార్డుల ఉన్నది ఒక్క దొరసాని గొంతు,
గంటన్నర పొడుగు.

నా పక్కన, సీటు అంచుకు
అరపిర్రతోటి ఆనుకొని మా అన్న బిడ్డె ఇందు.
ఒళ్లె పరీక్ష అట్ట, నోట్లె పెన్ను మూత.
పెద్దబడిల సీటుకు పరీక్షంట.
ఇని రాసేది ఇరవై మార్కులు, సదివి రాసేది ముప్పై.
తండాల మా గోర్ మాట, బడిల తెలుగు,
కాయితం మీద ఇంగ్లీషు.
మూడు గట్లు దుంకితే గాని
పిల్లకు ఒక జవాబు దొరకదు.

"లిసన్ కేర్‌ఫుల్లీ" అంటది దొరసాని.
సరిగ్గ అప్పుడే కొండమల్లేపల్లి దిక్కుకెల్లి
ఇసుక లారీ హారను.
పీటరు గొడుగు ఏడ మర్సిపోయిండో
ఆ సప్పుట్ల కొట్టుకపోయింది.

"బస్సుల" అన్నది వెనుక సీట్లకెల్లి మంగ్తి పెద్దమ్మ.
ఆమెకు ఆ ఒక్క ముక్కనే చిక్కింది.
"కాదమ్మా, లైబ్రరీ అన్నది"
మందుల దుకాణం గుమాస్త.
"అంటే?"
"పేపర్లు సదివే ఇల్లు."
"ఇంట్ల గొడుగెందుకు, ఉరుస్తదా?"
బత్తాయి బస్తాల మీద కూసున్నోళ్లు గూడ నవ్విన్రు.
ఇందు నవ్వలే.
"కాకా, మళ్ల వెయ్యి."

మళ్ల చెప్పింది దొరసాని.
అదే గొంతు, అదే నిమ్మలం.
మండలాఫీసు, బ్యాంకు, పాసుబుక్కు కౌంటరు,
నేను తిరగని కిటికీ లేదు.
ఒక్క మాట రెండుపార్లు చెప్పినోళ్లను
ఒక్క తాన సూడలే.
ఇసుక్కోకుంట చెప్పే మనిషి
ఏ దేశపామెనైతేంది,
నా ఆటోల కిరాయి లేకుంట తిరుగనీ అనుకున్న.

సదివేదానికి కార్డు అక్కరలే.
రోడ్డు పొడుగూత ఉన్నది ఇంగ్లీషే.
ఎరువు బస్తా మీద, బోరుబండి వెనుక,
పత్తి ఇత్తునాల డబ్బ మీద చీమలంతంత అచ్చరాలు.
ఎర్ర లైటు లేని మా తొవ్వల
గొర్ల మంద అడ్డమొస్తే ఆగుతం గద,
గప్పుడు సదువుతది.

ఒకనాడు మంగ్తి పెద్దమ్మ కొంగు ముడి ఇప్పి
బీపీ గోలీల పట్టీ చేతుల వెట్టింది.
"ఇది గూడ సదువు బిడ్డా."
ఇందు ఎండకు పట్టి, తిప్పి, మళ్ల తిప్పి,
"అవ్వా, ఇవి పోయిన దీపావళికే గడువు దాటినయి."
ఎవ్వరు మాట్లాడలే.
దొరసాని ఒక్కతే మాట్లాడుకుంట పోయింది,
ఏదో ఊర్ల రేపు వాన పడుతదని.

పరీక్ష నల్లగొండల.
గేటు బయట చెరుకు రసం బండి కాడ
రెండు గ్లాసులు తాగి, మూడోది పట్టుకొని నిలవడ్డ.
వచ్చింది. మొకం సూస్తే తెలుస్తలేదు.
"కాకా, లోపల సప్పుడే లేదు.
ఫ్యాన్లు గూడ బందు వెట్టిన్రు.
అంత సక్కగ ఇనవడేసరికి
నాకు ఏం సమజ్ కాలే.
మొదటి రెండు పోయినయి.
ఇగ బల్ల కింద కాలు ఊపుడు షురూ చేసిన,
మన ఆటో ఊగినట్టు.
గట్ల ఊపుకుంట, ఊపుకుంట
కడమయన్ని రాసిన."
గ్లాసు ఇచ్చిన. తాగుకుంట గూడ కాలు ఊపుతనే ఉన్నది.

రిజల్టు ఇంక రాలే.
కార్డు నేను తియ్యలే.

నిన్న మంగ్తి పెద్దమ్మ కొత్త పట్టీ కొనుక్కొని ఎక్కింది.
కూసోకముందే అడిగింది,
"దొరికిందారా ఆ పిలగాని గొడుగు?"
ఇందు బడికి పోయింది, చెప్పేటందుకు లేదు.
మూడు నెలలు ఇన్న. నాకైతే ఇప్పటికీ తెల్వదు.

వాల్యూం జర పెంచిన.